క్షమించే హక్కు

1995 సెప్టెంబర్ 9, శనివారం. నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మిషిగన్ స్టేట్ జట్టును వాళ్ల ఊళ్లోనే 50-10తో చిత్తు చేసింది. మనం ఆడే ఫుట్‌బాల్ కాదిది, అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. బంతి చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి తోసుకుంటూ పరిగెత్తాలి. ఆ రోజు లారెన్స్ ఫిలిప్స్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు 206 గజాలు పరిగెత్తి నాలుగు టచ్‌డౌన్లు కొట్టాడు. దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ రేసులో అతని పేరు ముందు వరసలో ఉంది.

జట్టు తన ఊరు లింకన్‌కు తిరిగొచ్చింది. తెల్లవారకముందే ఫిలిప్స్ ఒక అపార్ట్‌మెంట్ భవనం బయటి నుంచి పాకి మూడో అంతస్తు బాల్కనీ ఎక్కాడు. లోపల తనతో తెగతెంపులు చేసుకున్న అమ్మాయి ఉంది. ఆమెను కొట్టి, మెట్ల మీదుగా కిందికి ఈడ్చుకొచ్చాడు.

ఆ అమ్మాయి కూడా అదే యూనివర్సిటీ క్రీడాకారిణి. బాస్కెట్‌బాల్ ఆడేది. ఈ ముక్క చాలామందికి గుర్తుండదు. ఆ రోజుల్లో ఎక్కువ చర్చ జరిగింది ఫిలిప్స్ భవిష్యత్తు గురించే.

కోచ్ టామ్ ఆస్బోర్న్ మొదట అతణ్ణి జట్టులోంచి తీసేశానన్నాడు. కొద్ది రోజులకే మాట మార్చాడు. ఆరు మ్యాచ్‌లు పక్కన కూర్చోబెట్టి మళ్లీ మైదానంలోకి దించాడు. 1996 జనవరి 2న జరిగిన ఫియెస్టా బౌల్‌లో ఫిలిప్స్ 165 గజాలు పరిగెత్తి మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఫ్లోరిడా మీద 62-24తో నెగ్గిన నెబ్రాస్కా వరసగా రెండో ఏడు జాతీయ విజేత అయింది.

ఆస్బోర్న్‌ను దొంగభక్తుడని కొట్టిపారేస్తే ఈ కథలో చర్చే ఉండదు. అతను నిజంగానే దైవభక్తి ఉన్న మెథడిస్టు క్రైస్తవుడు. తన మాట తాను నమ్మే మనిషి. ఫిలిప్స్ చిన్నతనంలోనే ఇల్లు విడిచి, కాలిఫోర్నియాలో దిక్కులేని పిల్లలుండే గ్రూప్ హోముల్లో పెరిగాడు. క్రమశిక్షణ అన్నది అతనికి దొరికింది ఫుట్‌బాల్‌లోనే, అదీ లాగేస్తే కుర్రాడు పూర్తిగా పాడైపోతాడు అన్నది కోచ్ వాదన. అందులో దయ ఉంది. గెలవాలన్న ఆశ ఎంత ఉందో కొలిచి చెప్పడం ఎవరి తరమూ కాదు, బహుశా ఆస్బోర్న్ తరం కూడా కాదు.

తేల్చుకోవలసిన ప్రశ్న అతని చిత్తశుద్ధి కాదు. దెబ్బలు తిన్నది ఆ అమ్మాయి. మన్నించింది కోచ్. తనకు తగలని దెబ్బను మన్నించే అధికారం అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

క్రైస్తవం క్షమించమనే చెబుతుంది కదా అని ఎవరైనా అనొచ్చు. మత్తయి సువార్తలో పేతురు ఏసును అడిగే సందర్భమే తీసుకుందాం. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అంటాడు పేతురు. ఏడు కాదు, డెబ్బై సార్లు ఏడు అని లెక్క చెబుతాడు ఏసు. ఆ జవాబు అందరికీ నోటికొచ్చు. ప్రశ్న మాత్రం ఎవరూ సరిగ్గా వినరు. పేతురు అడుగుతున్నది తన పట్ల తప్పు చేసిన సోదరుడి గురించి. పక్కింటివాడి పట్ల తప్పు చేసినవాణ్ణి నేను ఎన్నిసార్లు మన్నించాలి అని కాదు.

మన వైపు ఈ విషయాన్ని ద్రౌపది కన్నా గట్టిగా పట్టుకున్నవాళ్లు లేరు. అశ్వత్థామను ఒక్కసారి విద్యార్థిగా ఊహించుకోండి. ద్రోణుడి కొడుకు, ద్రోణుడి దగ్గరే విలువిద్య నేర్చినవాడు, బ్రహ్మాస్త్రం తెలిసినవాడు. అలాంటివాడు ఒక రాత్రి శిబిరంలో దూరి, నిద్రపోతున్న ఉపపాండవులను చంపేశాడు. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో అర్జునుడు అతణ్ణి పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఐదుగురు బిడ్డలను పోగొట్టుకున్న ఆ తల్లి విడిచిపెట్టమంటుంది. కొడుకుల కోసం తాను ఏడుస్తున్నట్టే ఇంకొక తల్లి, కృపి, ఏడవకూడదంటుంది. భీముడు ఒప్పుకోడు. చివరికి అర్జునుడు అశ్వత్థామ తలమీది మణిని జుట్టుతో సహా కోసి, బయటికి గెంటేస్తాడు. ప్రాణం దక్కింది, తేజస్సు పోయింది.

'ఇంత విద్య వృథా అయిపోతుందే' అన్న లెక్క ద్రౌపది మాటల్లో లేదు. గురుపుత్రుడన్న గౌరవం ఉంది, కృపి దుఃఖం ఉంది. అతని అస్త్రాలు రేపు మనకు పనికొస్తాయన్న ఆలోచన మచ్చుకైనా లేదు.

భారతంలో ద్రౌపది వేరు. సౌప్తిక పర్వంలో ఆమె ప్రాయోపవేశానికి కూర్చుని అశ్వత్థామ ప్రాణం కోరుతుంది, అతని తలమీది మణి చేతికొచ్చాక గానీ శాంతించదు. ఒకచోట కరుణామూర్తి, ఒకచోట పగబట్టిన తల్లి. భక్తికవి ఒకలా చెప్పాడు, ఇతిహాసం ఒకలా చెప్పింది. రెండు చోట్లా తీర్పు తిరిగేది మాత్రం ఆమె చుట్టూనే. కృష్ణుడంతటివాడు పక్కనుండి కూడా ఆమెను దాటుకుని క్షమాభిక్ష పెట్టలేదు.

యూదుల ధర్మశాస్త్రం దీన్ని చట్టంలాగా రాసిపెట్టింది. యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన ఉండే ఉపవాసం దేవుడి పట్ల చేసిన తప్పులను కడుగుతుందట. తోటిమనిషికి చేసిన కీడు మాత్రం, ఆ మనిషిని సమాధానపరిచేదాకా, ఎన్ని ఉపవాసాలున్నా పోదు. 12వ శతాబ్దపు పండితుడు మైమొనిడీస్ ఇంకా వివరంగా వెళ్లాడు. మన్నించమని వెళ్లినప్పుడు అవతలివాళ్లు కాదంటే, స్నేహితులను ముగ్గురిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి. రెండోసారి, మూడోసారి కూడా. అప్పటికీ కాదంటే ఇక వదిలేయొచ్చు, మొండికేసినవాళ్లదే తప్పవుతుంది. బాధితుడు చనిపోయి ఉంటే పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లి, వాళ్లందరి ముందూ చేసిన తప్పు పేరుపెట్టి చెప్పుకోవాలి.

ఇంతమంది ముందు నోరు విప్పడం ఎంత కష్టమో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కేసు చూస్తే తెలుస్తుంది.

2015 జనవరి 18, అర్ధరాత్రి దాటాక, సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు స్వీడన్ విద్యార్థులకు చెత్త డబ్బా దగ్గర ఒక దృశ్యం కనిపించింది. స్పృహలేని అమ్మాయి మీద ఒక కుర్రాడు. వాళ్లు అరిచేసరికి పారిపోబోయాడు, వెంటపడి పట్టుకున్నారు. బ్రాక్ టర్నర్, స్టాన్‌ఫర్డ్ ఈత జట్టు సభ్యుడు. 2016 మార్చిలో జ్యూరీ మూడు అభియోగాల్లోనూ దోషి అని తేల్చింది. ప్రాసిక్యూషన్ ఆరేళ్లు అడిగితే జడ్జి ఆరన్ పెర్‌స్కీ ఆరు నెలలు వేశాడు. జైలు ఈ కుర్రాడి మీద తీవ్ర ప్రభావం చూపుతుందని ఆయన బెంగ. టర్నర్ మూడు నెలల్లో బయటికొచ్చాడు.

తండ్రి కోర్టుకు రాసిన లేఖ ఒకటుంది. ఒకప్పుడు ఇష్టంగా తినే మాంసం ముక్క కూడా ఇప్పుడు వాడికి సహించడం లేదని, ఇరవై నిమిషాల పనికి ఇంత పెద్ద మూల్యమా అని అందులో రాశాడు. కన్నతండ్రి బాధ, కాదనలేం. కానీ లేఖంతా వెతికినా దొరికేది కొడుకు పోగొట్టుకున్నదాని జాబితాయే.

చాలా రోజులు అజ్ఞాతంగా ఉండి, 2019లో తన పేరు తానే బయటపెట్టుకుని పుస్తకం రాసిన ఆ బాధితురాలు, చానెల్ మిల్లర్, శిక్ష వేసే రోజున కోర్టులో తన మాట తాను చదివింది. పత్రికలు కేసు వార్త చివర అతని ఈత రికార్డులు వేయడాన్ని కూడా ఆమె వదల్లేదు. ఆమె చదివిన మాటల్లో ఒక విషయం గురించి తగినంత చర్చ జరగలేదు. ఇతను జైల్లో కుళ్లిపోవాలని తాను కోరుకోవడం లేదని ఆమె అంతకుముందు ప్రొబేషన్ అధికారితో అంది. తాను చేసిన పని ఇదీ అని అతను నోరారా ఒప్పుకోవాలన్నదే ఆమె కోరిక. అధికారి నివేదికలోకి మొదటి సగమే ఎక్కిందని, రెండో సగం జారిపోయిందని ఆమె ఫిర్యాదు.

అంటే దయ చూపడానికి ఆమె సిద్ధంగానే ఉంది, ఒక షరతు మీద. వ్యవస్థ ఆమె దయను తీసుకుని, షరతును పారేసి, ఆ దయను టర్నర్‌కు తన సొంత సొత్తులా పంచిపెట్టింది. 2018 జూన్‌లో ఓటర్లు జడ్జిని పదవి నుంచి దించేశారు. కాలిఫోర్నియాలో అలా జరగడం 1932 తర్వాత అదే మొదటిసారి.

దీనికి ఎదురువాదం ఉంది, బలమైనదే. ప్రతి నేరానికీ బాధితుల మాటే చివరిమాట అయితే న్యాయం కాస్తా పగగా మారదా? దయగల బాధితురాలు దొరికినవాడు అదృష్టవంతుడు, దొరకనివాడి గతి ఇంతేనా? అందుకే కదా శిక్ష వేసే పనిని సమాజం వ్యక్తుల చేతుల్లోంచి తీసి కోర్టుకు అప్పగించింది. ఆ వాదన కాదనలేనిదే. కోర్టు శిక్ష తగ్గించొచ్చు, కాలేజీ ఇంకో అవకాశం ఇవ్వొచ్చు. వాటికి ఆ అధికారాలున్నాయి. ఆ పనికి క్షమ అని పేరు పెట్టుకోకూడదు, అంతే. పేరు పెట్టగానే తప్పు చేసినవాడు కూడా నమ్మేస్తాడు, ఖాతా మూసేశారని.

బౌద్ధ గ్రంథం మజ్ఝిమ నికాయంలో అంగులిమాలుడి కథను ఈ కోణంలో చదివితే కొత్తగా ఉంటుంది. తక్షశిలలో మెరికలాంటి విద్యార్థి అని వ్యాఖ్యానాలు చెబుతాయి. మనుషులను చంపి వేళ్లు కోసి మాల కట్టుకున్నాడు. బుద్ధుడు చేరదీసి భిక్షువును చేశాడు. కోసల రాజు ప్రసేనజిత్తు అతణ్ణి పట్టుకోవడానికి సైన్యంతో వచ్చి, కాషాయంలో చూసి, దండం పెట్టి వెళ్లిపోయాడు. రాజ్యం వదిలేసింది. ఊళ్లో జనం వదల్లేదు. భిక్షకు వెళితే రాళ్లు తగిలాయి, తల పగిలింది, పాత్ర ముక్కలైంది, కాషాయం చిరిగింది. ఆ నెత్తురుతో వచ్చిన శిష్యుడికి బుద్ధుడు జనం తప్పని చెప్పలేదు. ఓర్చుకోమన్నాడు, ఇది నువ్వు చేసినదాని ఫలమే అన్నాడు. విముక్తి పొంది అర్హతుడైనంత మాత్రాన ఆ రాళ్లు ఆగవన్నమాట. సంఘంలో చోటు వేరు, చచ్చినవాళ్ల చుట్టాల దగ్గర ఉన్న బాకీ వేరు.

ఫిలిప్స్ దగ్గర బాకీ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఫియెస్టా బౌల్ కాగానే అతను కాలేజీ వదిలేశాడు. క్రమశిక్షణ నేర్పే జట్టులో అతను ఉండాలన్న కోచ్ వాదనకు ఆయుష్షు అంతే, రెండు నెలలు. సెయింట్ లూయిస్ రామ్స్ అనే ప్రొఫెషనల్ జట్టు, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1996 డ్రాఫ్ట్‌లో అతణ్ణి ఆరో స్థానంలో ఎంచుకుని, మరుసటి ఏడాది సాగనంపింది. ఆ తర్వాత కూడా జట్లు దొరుకుతూనే వచ్చాయి: మయామీ, శాన్‌ఫ్రాన్సిస్కో, కెనడా. కాళ్లలో పరుగున్నంతకాలం ఎవరో ఒకరు మన్నిస్తూనే ఉన్నారు. 2005లో లాస్ ఏంజెలెస్‌లో మైదానంలో ఏదో గొడవై, కారు తీసుకెళ్లి కుర్రాళ్ల మీదికి తోలాడు. అప్పటికి ఆట అయిపోయింది. ఆ కేసు, ఇంకొక స్త్రీని హింసించిన కేసు కలిపి 31 ఏళ్ల శిక్ష పడింది. 2015లో జైలు గదిలో తోటి ఖైదీ హత్య కేసు మీదపడింది. 2016 జనవరిలో జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు, నలభయ్యేళ్ల వయసులో.

ఆస్బోర్న్ అతణ్ణి అప్పుడే బయటికి పంపేసి ఉంటే కథ మారేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ తూకం వేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. 

మోసపోయినవాళ్లే పిలిచి చోటిచ్చిన ఉదాహరణ ఒకటుంది, అది కూడా కాలేజీ ఆటల్లోదే. న్యూయార్క్ సిటీ కాలేజీ పేదపిల్లలకు ఫీజు లేకుండా చదువు చెప్పిన కాలేజీ. 1950లో దాని బాస్కెట్‌బాల్ జట్టు దేశంలోని రెండు పెద్ద టోర్నమెంట్లనూ ఒకే ఏడాదిలో గెలిచింది. మొదటి ఐదుగురిలో ఇద్దరు నల్లవాళ్లు, ముగ్గురు యూదులు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అరెస్టులు మొదలయ్యాయి. పందేలరాయుళ్ల దగ్గర డబ్బు తీసుకుని, పందెం కాసినవాళ్ల అంచనా కన్నా తక్కువ తేడా వచ్చేలా కావాలని ఆడారు. ఆ జట్టులోని ఫ్లాయిడ్ లేన్ డబ్బును పడకగదిలో, పూలకుండీ మట్టిలో దాచాడు. పోలీసులకు తనే తవ్వి ఇచ్చాడు. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్లకు శాశ్వతంగా తలుపు మూసింది.

1974లో సిటీ కాలేజీ తన బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌గా లేన్‌ను తీసుకుంది. అతని చేతిలో మోసపోయిన కాలేజీయే, ఇరవైమూడేళ్లు ఆగి పిలిచింది. అప్పటికి లేన్‌కు నలభై దాటాయి. బంతి పట్టుకుని కాలేజీకి కప్పులు తెచ్చిపెట్టే వయసు కాదు. 1988 దాకా అతను అక్కడే పనిచేశాడు.