అంచుదాకా రాయాలా?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. ఆ లెక్కన బ్రెడ్డు ముక్క మీద ఎవరేం రాసుకున్నా పేచీ ఉండకూడదు. ఏం రాసుకున్నారన్న దాని మీద నిజంగానే పేచీ ఉండదు కూడా. ఒకరికి మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్, ఒకరికి ఉత్త వెన్న, ఇంకొకరికి మీగడ రాసి పైన చల్లిన పంచదార. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఎలా రాసుకుంటున్నారో కంటపడితే మాత్రం పక్కవాళ్ల చేయి ఊరుకోదు. "అదేంటి, అంతా మధ్యలో కుప్పపోశావు? ఇటివ్వు" అని చాకు లాక్కుంటారు. రుచిలో తేడా వస్తే నవ్వి వదిలేసే మనిషి, పద్ధతిలో తేడా వస్తే ఎందుకు తట్టుకోలేడు?

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో వేసిన పుస్తకంలో ఈ రుచుల సంగతి ఎత్తుకున్నాడు. కానరీ వైన్ బాగుంటుందని ఒకడన్నాడనుకోండి. "నీకు బాగుంటుంది అను" అని ఎవరైనా దిద్దితే అతను కిమ్మనకుండా ఒప్పుకుంటాడట. అందం దగ్గరికొచ్చేసరికి అలా కాదట. తనకు అందంగా తోచింది లోకమంతటికీ అలాగే తోచాలని పట్టుబడతాడట. పొద్దున్నే పలచటి టీ, ఒక పైపు పొగాకుతో సరిపెట్టుకున్న మనిషి కాబట్టి ఆయనకు జామ్ తగువులు ఎదురై ఉండవు. ఎదురై ఉంటే ఇబ్బందిపడేవాడు. జామ్ తినేది నాలుకే అయినా, రాసేవాళ్లు మాత్రం లోకం ఒప్పుకోలు అడుగుతారు.

ఇంగ్లండ్ నైరుతి కొసన డెవన్, కార్న్‌వాల్ అని రెండు ఇరుగుపొరుగు సీమలున్నాయి. స్కోన్ అనే గుండ్రటి చిన్న రొట్టెను రెండుగా చీల్చి, జామూ చిక్కటి మీగడా వేసుకుని టీతో తినడం రెండుచోట్లా ఉంది. డెవన్ వాళ్లు మీగడ ముందు రాసి పైన జామ్ పెడతారు. కార్న్‌వాల్ వాళ్లకు జామ్ ముందు, మీగడ తరవాత. సరుకులు అవే, కొరికాక నోట్లో కలిసిపోయేవే. అయినా 2018లో కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ అనే పాత భవంతి తరఫున వేసిన ప్రకటన బొమ్మలో మీగడ కిందా జామ్ పైనా కనిపించిందని అక్కడివాళ్లు మండిపడ్డారు. నిర్వాహకులు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

మనం నవ్వడానికేం లేదు. పెళ్లి బంతిలో పెరుగన్నం అయ్యాక మళ్లీ పప్పు అడిగినవాడి వంక మనం చూసే చూపు తక్కువదా? మన భోజనానికి వరస ఉంది. పప్పూ కూరా పచ్చడీ ముందు, పులుసో చారో తరవాత, చివర పెరుగు. ఆ వరస ఎవరూ నేర్పకుండానే వస్తుంది. బ్రెడ్డుకు మాత్రం మన దగ్గర అలాంటి ఆనవాయితీ లేదు. చాలా ఇళ్లలో అది జ్వరం పత్యంగా అడుగుపెట్టింది. వేడి పాలలో ముంచి, మెత్తబడ్డాక మింగేయడమే. 1965లో కేంద్ర ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ పెట్టి రొట్టె తయారుచేయించింది. జ్వరం లేకపోయినా బ్రెడ్డు తినొచ్చని మన ఇళ్లకు తెలిసిరావడానికీ, దాని పక్కకు జామ్ సీసా చేరడానికీ కొంత కాలం పట్టింది. చేరాక దాన్ని ఎలా రాయాలో చెప్పడానికి ఏ బామ్మా లేదు.

బామ్మ చెప్పనిచోట మనం అన్నం అలవాటునే తెచ్చిపెట్టుకున్నామని నా అనుమానం. కంచంలో అన్నమంతా పప్పుతో ఒకేసారి కలిపేసుకునేవాళ్లు బ్రెడ్డు మీద జామ్ నాలుగు మూలలకూ సమంగా పులుముతారు. ఓ మూలగా లాక్కుని ఏ ముద్దకా ముద్ద కలుపుకునేవాళ్లు కొరకబోయే చోటే ఇంత వేసుకుంటారు. ఆవకాయ అన్నంలో కలపకుండా నంజుకునేవాళ్లయితే బ్రెడ్డు ముక్క తుంచి జామ్‌లో అద్దుకుంటారు. ఇది మా బంధువర్గం మేరకు చెల్లే సిద్ధాంతం. మీ ఇంట్లో తప్పని తేలితే పూచీ నాది కాదు.

నేను ఏ ముద్దకా ముద్ద జాతి. జామ్ మధ్యలో దళసరిగా, అంచుల దగ్గర అసలు లేకుండా ఉండాలి నాకు. అంచుదాకా రాసేవాళ్ల వాదన బలమైనదే. ప్రతి కొరుకుకూ సమాన వాటా, ఆఖర్న ఎండు ముక్క మిగిలిందన్న బాధ లేదు. న్యాయంగానే ఉంది. కానీ జామ్ అంటే మాటలా? మన ఆహార నిబంధనల ప్రకారం అందులో కరిగిన పదార్థం 65 శాతానికి తగ్గకూడదు, దాంట్లో సింహభాగం పంచదారే. అంత తీపి ఎడతెగకుండా తగులుతుంటే నాలుక దానికి అలవాటుపడిపోయి పట్టించుకోవడం మానేస్తుంది. మధ్యలో ఓ చప్పటి కొరుకు పడితే తరవాతి కొరుకులో పండు మళ్లీ తెలుస్తుంది. ఎండు అంచు మిగిలిపోతుందన్న దిగులుకు నా దగ్గర విరుగుడుంది. అంచు ముందు తినేస్తాను.

అన్నీ జామ్‌లా మన మాట వినవు. ఆస్ట్రేలియాలో 1923 నుంచి అమ్ముతున్న వెజిమైట్, అంతకు ముందే 1902లో ఇంగ్లండ్‌లో మొదలైన మార్మైట్, రెండూ ఈస్ట్ సారంతో చేసే నల్లటి ఉప్పు ముద్దలు. వెన్న రాసిన టోస్టు మీద పల్చగా, గీసీగీయనట్టు రాయాలి. కొత్తవాళ్లు జామ్ అనుకుని దట్టంగా పట్టించి, ఒక్క కొరుకుతోనే ఆ దేశాల నాగరికత మీద తీర్పు చెప్పేస్తారు. ఆవకాయా ఈ కోవలోదే. పరాయి ఊరి హాస్టల్లో అన్నం దొరకని రాత్రి బ్రెడ్డు మీద దాన్ని ప్రయత్నించినవాళ్లకు తెలుసు, ముక్క పనికిరాదు, ఊట మాత్రమే పనికొస్తుంది. అదీ కింద వెన్న ఉంటేనే. లేకపోతే నూనె అటునుంచి ఇటు దిగిపోయి చేతికి తగులుతుంది. డచ్చివాళ్లు పొద్దున పూట బ్రెడ్డు మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటారు. వాళ్లకూ కింద వెన్న ఉండాల్సిందే, లేకపోతే పలుకులన్నీ పళ్లెంలో రాలతాయి. ఇంత చాకిరీ చేసే వెన్నను ఎవరూ పొగడరు.

హైదరాబాద్ ఇరానీ హోటల్లో నాకు వేరే సంగతి తట్టింది. బన్ మస్కా చెబితే లోపల వెన్న పెట్టేసి తెచ్చి ముందు పెడతారు. వెన్న ఎంత రాశాడు, అంచుదాకా వచ్చిందా అని విప్పి చూసినవాణ్ణి నేనైతే చూడలేదు. చాయ్‌లో ముంచుతారు, తింటారు, లేస్తారు. ఇంట్లో చాకు లాక్కునే పెద్దమనిషి కూడా అక్కడ బుద్ధిగా ఉంటాడు. అంటే మన బాధ తినబోయే ముక్క గురించి కాదన్నమాట. రాసే చేతిని చూడటంతోనే వస్తుంది చిక్కు. ఏళ్ల తరబడి ఒక తీరున ఆడిన మన చేయి, కళ్లెదుట ఇంకో చేయి మరో తీరున ఆడుతుంటే ఊరికే చూస్తూ ఉండలేదు. ముగ్గు వేసేవాళ్ల వెనక నిలబడిన రెండో ముగ్గుగత్తెను అడగండి, చెబుతుంది. మా ఇంట్లో ఎవరైనా అంచుదాకా పులుముతుంటే నేను కిటికీ వైపు చూస్తాను. తెలిసీ ఆ మాత్రం చేయకపోతే ఎలా?

ఒక్క విషయంలో మాత్రం ఈ ఉదారత పనికిరాదు. వెన్న అంటిన చాకు జామ్ సీసాలోకి వెళ్లకూడదు. బ్రెడ్డు ముక్క ఎవరిది వాళ్లదే, సీసా అందరిదీ. జామ్‌లో పంచదార నీటిని పట్టి ఉంచబట్టి బూజు అంత తేలిగ్గా పట్టదు. తడి చెంచా, రొట్టె పొడి, వెన్న తునకలు చేరాయంటే ఆ రక్షణ పైపొరలో సడలిపోతుంది. అందుకని సీసాకో చెంచా, వెన్నకో చాకు విడిగా పెట్టించాను. చెంచాతో కావలసినంత జామ్ ముక్క మీదికి దించుకున్నాక కొండే కట్టుకుంటారో, గోడలా మెత్తుకుంటారో వాళ్ల ఇష్టం. చెంచా ఇప్పటికీ అప్పుడప్పుడు వెన్న గిన్నెలో దొరుకుతుంది. ఎవరి పనో ఎవరూ చెప్పరు.