ఒడిలోని బిడ్డకు అక్షరమా, మాటయా?

ధ్యానభాగము: 2 తిమోతికి 1:5, 3:14–15, ద్వితీయోపదేశకాండము 6:6–9



బిడ్డకు మూడేండ్లు నిండకముందే చదువను నేర్పవలెనా? మన తీరగ్రామములలో అనేకమంది తల్లిదండ్రులను ఈ ప్రశ్న కలతపెట్టుచున్నది. వలలు బాగుచేసికొని బ్రదుకువారును, రొయ్యల గుంటలలో కూలిచేయువారును అప్పు చేసియైనను పసివారిని నర్సరీలో చేర్చుచున్నారు. వారిని తప్పు పట్టుట మనకు తగదు. చదువులేనివానికి కలుగు అవమానము వారెరుగుదురు. అది తమ బిడ్డలకు కలుగకూడదనియే వారి ఆశ.

అయితే ఆ ఆశ వెంట భయమును ఇంటిలో ప్రవేశించినది. పలకమీద అక్షరము దిద్దలేదని, నిన్నమొన్న పాలు విడిచిన బిడ్డకు దెబ్బ పడుచున్నది. చదువురాని తల్లి, నా బిడ్డకు నేనేమి ఇయ్యగలనని క్రుంగిపోవుచున్నది. కాబట్టి ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

తిమోతి చిన్ననాటనే పరిశుద్ధ లేఖనములను ఎరిగెనని పౌలు వ్రాసెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట ‘బ్రెఫోస్’. పశువుల తొట్టిలో పండుకొనియున్న శిశువును గూర్చి లూకా వాడిన మాటయు అదే. అయితే బైబిలే పసిబిడ్డకు చదువు చెప్పుమనుచున్నది గదా అని ఎవరైన అడుగవచ్చును. ఆ కాలమున లేఖనములు చేతితో వ్రాసిన చుట్టలు. చంకలోని శిశువు చుట్ట విప్పి చదువునా? విని యెరుగవలసినదే. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు. పౌలు జ్ఞాపకము చేసికొన్న విశ్వాసము అవ్వ లోయిది, తల్లి యునీకేది. మోషే ఇచ్చిన క్రమమును చూడుడి. మాటలు మొదట పెద్దల హృదయములో ఉండవలెను. తరువాత ఇంటను త్రోవను బిడ్డలతో వాటినిగూర్చి మాటలాడవలెను. ద్వారబంధములమీద వ్రాయుట ఆ తరువాతనే వచ్చినది.

ఈ క్రమము లోకానుభవమునకును సరిపడియున్నది. 1964లో అమెరికాలో గ్లెన్ డోమన్ అనునాయన పసిబిడ్డలకు పెద్ద అక్షరముల అట్టలు చూపి చదువు నేర్పవచ్చునని పుస్తకము వ్రాసెను. అటువంటి బోధనను అక్కడనే తరువాత పరీక్షించి, 2014లో ఫలితము ప్రకటించిరి. తొమ్మిది మొదలు పదునెనిమిది నెలల వయస్సుగల 117 మంది శిశువులలో కొందరికి ఏడు నెలలు బొమ్మలతోను పుస్తకములతోను చదువు నేర్పజూచిరి. వారికి చదువు రాలేదు. బిడ్డ నేర్చుకొనెనన్న నమ్మిక మాత్రము తల్లిదండ్రులలో పెరిగెను! న్యూజిలాండులో 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఐదేండ్లకు చదువ నారంభించినవారిని ఏడేండ్లకు ఆరంభించినవారు పదునొకండేండ్లు వచ్చుసరికి అందుకొనిరి. మన దేశపు 2020 నాటి విద్యావిధానమును మొదటి తరగతికి ఆరేండ్లు నిండవలెననియే చెప్పుచున్నది.

ఇందులో గొప్ప మర్మమేమియు లేదు. వల, అల, పడవ — ఈ మాటలు మన బిడ్డల చెవిలో ముందే యున్నవి. ఆరేండ్ల బిడ్డ పలకమీద ‘వల’ అని కూడబలుకునప్పుడు, నాన్న భుజముమీది వల వానికి కనబడును, ముఖము వికసించును. మాట ఎరుగని బిడ్డకు అక్షరము ఉత్త గీత. కావున చదువురాని తల్లి వట్టిచేతులది కాదు. చేపల పేర్లు చెప్పు తల్లి, జోలపాడు అవ్వ, దావీదు గొల్యాతుల కథ పదిమారులు విసుగక చెప్పు తాత — వీరే బిడ్డకు మొదటి బడి.

అట్లని బిడ్డ తానే వచ్చి ఇదేమి అక్షరమని అడిగిన యెడల కాదనకుడి. ఆకలిగొన్నవానికి పెట్టవలెను గదా. ఆకలి లేనివాని నోట కుక్కుటయే తప్పు. ఆ ఆకలి బిడ్డదా, లేక పొరుగువారి యెదుట మన గొప్పదా అని మన హృదయములను పరీక్షించుకొందము. మరియు ఆరేండ్లు వచ్చిన పిమ్మట, చిన్నవాడే గదా అని బడి మాన్పించి రేవునకో గుంటలకో తీసికొనిపోవుట మరింత పెద్ద పాపము. తొందరయు నిర్లక్ష్యమును రెండును బిడ్డను దోచుకొనును.

ఆలస్యమైనవారికి ద్వారము మూయబడునా? మన జిల్లాయే సాక్ష్యము. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, కలిగిరి ప్రక్కనున్న దూబగుంటలో పెద్దవయసు స్త్రీలు రాత్రి బడులలో కూర్చుండి అక్షరములు దిద్దిరి. తమ బ్రదుకే పాఠమగుటచేత ఆ అక్షరములు వారిలో నిప్పువలె రగిలెను. వారు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1న ప్రభుత్వము సారాను నిషేధించెను. నలువది యేండ్లకు నేర్చినను అర్థముతో నేర్చిన అక్షరమునకు అంత బలమున్నది.

కాబట్టి ప్రియులారా, ఈ రాత్రి భోజనమైన తరువాత పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఒక కథ చెప్పుడి. పలకను దాచియుంచుడి, దాని దినము వచ్చును. చదువురాని తల్లులారా, ఆ దినమున మీరును బిడ్డ ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుడి. చిన్నపిల్లలను ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించిన ప్రభువు మన యిండ్లలోని పసివారిని కాపాడునుగాక. ఆమేన్.