విత్తనంలోని వారసత్వం

"యీ ప్రబంధాలు మాకెందుకు మాస్టారూ? తగలేస్తే తప్పేమిటి?" అని ఒక విద్యార్థి క్లాసులో నన్ను నిలదీశాడు. హంస నీళ్లు విడిచి పాలు తాగినట్టు మంచిని తీసుకుని చెడును వదిలెయ్యాలన్నాను. మనమందరం చెప్పే జవాబే అది. కాని ఒక గడ్డి కథ చదివాక యీ హంస న్యాయం మీద నాకు నమ్మకం సడలింది.

విత్తనం ఒంటరిది కాదు. తల్లి మొక్క నుంచీ, పువ్వు నుంచీ, పండు నుంచీ బాక్టీరియా, శిలీంధ్రాలూ దానిలో చేరి మొలకతోబాటే పెరుగుతాయి. అమెరికాలో టాల్ ఫెస్క్యూ అనే పశుగ్రాసం వుంది. 1931లో కెంటకీలోని ఒక కొండవాలు పొలంలో దాన్ని గుర్తించి, 1943లో కెంటకీ 31 పేరుతో రైతులకిచ్చారు. అది ఎండకు ఓర్చేది, పురుగుకు లొంగేది కాదు. కాని దాన్ని మేసిన పశువులు చిక్కిపోయేవి, కొన్నిటికి కాళ్లు కుళ్లేవి. 1977లో శాస్త్రజ్ఞుల దృష్టి ఒక శిలీంధ్రం మీద పడింది. అది గడ్డి కణాల నడుమ కాపురం చేస్తుంది. పైకి ఏ తెగులూ కనిపించదు. పూతకాడతోపాటు పైకెక్కి గింజలో చేరుతుంది. పుప్పొడి దాన్ని మోయదు. తల్లి నుంచే బిడ్డకు సంక్రమిస్తుంది.

గింజలను వెచ్చని చోట చాలాకాలం నిలవచేస్తే శిలీంధ్రం చస్తుంది, గింజ బతుకుతుంది. 1980 దశకంలో శిలీంధ్రం లేని విత్తనాలు వచ్చాయి. పశువులు కోలుకున్నాయి గాని, ఎండలకూ పురుగులకూ మేతకూ తట్టుకోలేక చాలాచోట్ల గడ్డి పలచబడింది. పశువును చెరిచినదే గడ్డిని కాచింది. ఇందులో పాలేవి, నీళ్లేవి?

మా తాతగారు అరుగు మీద కూచుని పద్యం చదివితే వీధి వీధంతా వినేది. దళితవాడ కూలీలు మాత్రం వీధిలో నిలబడి వినాలి; అరుగు ఎక్కకూడదు. నేను క్లాసులో చదివే రాగం ఆయన నేర్పినదే. రాగం మంచిది, అరుగు చెడ్డది అని ఇన్నాళ్లూ నిశ్చింతగా వున్నాను. కాని ఆ రాగానికి కావలసిన తీరికను తమ రెక్కల కష్టంతో సమకూర్చింది వీధిలో నిలబడ్డవాళ్లే కదా!

గడ్డి కథ అక్కడితో ఆగలేదు. ఆ శిలీంధ్రం తయారుచేసే విషాలలో పశువును చెరిచేవి వేరు, పురుగును తరిమేవి వేరు అని తేలింది. మొదటివి తయారుచెయ్యని రకాలను వెతికి గడ్డిలో ప్రవేశపెట్టారు. 2000 ప్రాంతం నుంచి ఆ విత్తనాలు అమ్ముడవుతున్నాయి. చివరికి వేరుచేశారు గదా అనవచ్చు. అవును. అయితే హంసలా రుచి చూసి కాదు. పశువు ఎందుకు పడిపోయిందో విచారించి వేరుచేశారు.

గడ్డి నుంచి సమాజానికి సూత్రాలు లాగడం ప్రమాదమని నాకు తెలుసు. పుట్టుకే గుణాన్ని నిర్ణయిస్తుందనేవారిదీ అదే తోవ. మొక్క తన వారసత్వాన్ని విచారించలేదు, మనిషి విచారించగలడు. తేడా అంతా అక్కడే వుంది.

కాబట్టి ఆ విద్యార్థికి నా జవాబు మార్చుకుంటున్నాను. తగలెయ్యనూ వద్దు, నెత్తిన పెట్టుకోనూ వద్దు. ఒక కావ్యం చేతికొస్తే, అది ఎవరికి నీడనిచ్చిందో, ఎవరిని వీధిలో నిలబెట్టిందో ముందు అడుగు. వీధిలో నిలబడ్డవాళ్ల పిల్లలు యిప్పుడు నా క్లాసులోనే వున్నారు. ముందుగా వాళ్లను అడగవలసినవాణ్ణి నేనే.