ఒరిజినల్ పిట్ట

'ఒరిజినల్' అనే మాటకి తెలుగులో సరిపడే మాట లేదనిపిస్తుంది నాకు. అసలైనది, నిజమైనది, సిసలైనది - ఇవన్నీ పుస్తకాల్లో బావుంటాయి, కొట్లో పనికిరావు. హెడ్‌ఫోన్లు కొన్నా, పట్టుచీర కొన్నా మనం అడిగేది "ఒరిజినలేనా?" అనే. "ఒరిజినలే సార్" అంటాడని అడిగేవాడికి ముందే తెలుసు. డూప్లికేట్ అమ్మేవాడు కూడా అదే అంటాడనీ తెలుసు. అయినా అడుగుతాం. మరి ఆ ప్రశ్నతో మనం తెలుసుకోవాలనుకునేది ఏమిటి? వస్తువు గురించా, అమ్మేవాడి గురించా, లేక కొన్నాక దాని గురించి మనం నలుగురికీ ఏం చెప్పుకోవచ్చో దాని గురించా?

ఈ ప్రశ్న నాకు గట్టిగా తగిలింది ట్రీబెర్గ్ అనే ఊళ్ళో. జర్మనీలో, మనం బ్లాక్ ఫారెస్ట్ అని పిలిచే ష్వార్ట్స్‌వాల్డ్ కొండల్లో ఉంటుందది. (మనకి బ్లాక్ ఫారెస్ట్ అంటే ముందు గుర్తొచ్చేది బర్త్‌డే కేకు.) కుకూ గడియారాలకి పుట్టిల్లు ఆ ప్రాంతం. ట్రీబెర్గూ, పక్కనే ఉన్న షోనాఖూ ప్రపంచంలోకెల్లా పెద్ద కుకూ గడియారం మాదంటే మాదంటాయి. రికార్డు పక్కూరికి పోయాక షోనాఖ్ వాళ్ళు 'అతిపెద్ద' ముందు 'మొదటి' అని తగిలించుకున్నారు. లాయర్ని అడిగి రాసుకున్నట్టుంటుంది ఆ బోర్డు.

స్టుట్‌గార్ట్‌లో ప్రాజెక్టు మీద ఉన్న నేను అక్కడికి వెళ్ళింది అమ్మ కోసం. విజయవాడలో ఒక్కతే ఉంటుంది. నన్ను ఏదీ అడగని మనిషి, "గంటకోసారి తలుపు తెరుచుకుని పిట్ట బయటికొచ్చి కూస్తుందే, ఆ గడియారం దొరుకుతుందా అక్కడ?" అని అడిగింది. ఎవరింట్లోనో చూసిందట. జర్మనీది కావాలనలేదు, చెక్కది కావాలనలేదు, ఒరిజినల్ అన్న మాటే వాడలేదు. ఆ మాట నాది.

షాపులో రెండు గడియారాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ ఇంటి ఆకారం, చుట్టూ ఆకులు, పైన ఒక పిట్ట, కింద దేవదారు కాయల్లా రెండు బరువులు. ఒకటి అరవై యూరోలు, రెండోది రెండువందల ఇరవై. మొదటిది బ్యాటరీది. దాని కాయలు ఉత్త అలంకారం, ఏ బరువూ మోయవు. రెండో దాంట్లో కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఇనప కాయ బరువుకి గొలుసు మెల్లగా కిందికి దిగుతుంటే పళ్ళచక్రాలు తిరుగుతాయి. గంట కాగానే రెండు చిన్న కొలిమితిత్తుల్లాంటివి ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచి పడతాయి, వాటి గాలి రెండు గొట్టాల్లోకి వెళుతుంది. ఒకటి 'కు', ఒకటి 'కూ'. అంతే యంత్రాంగం. అది పనిచేయడం చూస్తుంటే, మనం రోజూ రాసే కోడ్‌లో ఇంత చక్కగా పైనుంచి కిందిదాకా అర్థమయ్యేది ఒక్క ఫైలన్నా ఉందా అనిపించింది.

సరే, ఇందులో ఏది ఒరిజినల్? చెక్కదే, ఇంకేం అంటారు. నేనూ అదే అన్నాను. ఇంతలో బ్యాటరీ గడియారం కూసింది. అందులోంచి వచ్చింది అడవిలో రికార్డు చేసిన నిజం పిట్ట గొంతు. దూరాన ప్రతిధ్వని, వెనక సెలయేటి చప్పుడు కూడా ఉన్నాయి. రెండువందల ఇరవై యూరోల దాంట్లో ఉన్నది రెండు గొట్టాలు చేసే మిమిక్రీ. పిట్ట ఒరిజినల్ కావాలంటే ఒకటి కొనాలి, గడియారం ఒరిజినల్ కావాలంటే ఇంకోటి.

పోనీ సంప్రదాయం అనుకుందాం. చరిత్ర ఇంకా చిక్కుగా ఉంది. 1730ల్లో షోన్‌వాల్డ్ గ్రామానికి చెందిన ఫ్రాంజ్ ఆంటోన్ కెటెరర్ ఈ గడియారాన్ని కనిపెట్టాడని అక్కడ అందరూ చెప్పే కథ. చరిత్రకారులు నమ్మరు. అంతకు వందేళ్ళ ముందే, 1629లో, ఆగ్స్‌బర్గ్‌కి చెందిన ఫిలిప్ హైన్‌హోఫర్ అనే ఆయన శాక్సనీ పాలకుడి దగ్గర చూసిన కుకూ గడియారం గురించి రాసిపెట్టాడు. పైగా ష్వార్ట్స్‌వాల్డ్ గడియారాలకి మొదట్లో ఈ ఇంటి ఆకారమే లేదు. చాలావాటికి రంగులేసిన చెక్క పలక ముఖం ఉండేది. వాటిని వీపు మీద కట్టుకుని యూరప్ అంతా తిరిగి అమ్మేవాళ్ళు.

మరి ఈ ఇల్లు ఎక్కడిది? 1850లో ఫుర్ట్‌వాంగెన్‌లో గడియారాల తయారీ నేర్పే బడి పెట్టారు. దాని డైరెక్టర్ రాబర్ట్ గెర్విగ్ అదే ఏడాది కొత్త డిజైన్ల కోసం ఒక పోటీ ప్రకటించాడు. ఫ్రీడ్రిక్ ఐజెన్‌లోర్ అనే ఆర్కిటెక్ట్ ఒక బొమ్మ గీసి పంపాడు. ఆయన పని బాడెన్ రైల్వేకి భవనాలు కట్టడం. అందుకని తనకి బాగా అలవాటైన కట్టడాన్నే తీసుకుని దానికి గడియారం ముఖం పెట్టాడు, చుట్టూ ఐవీ తీగ అల్లాడు. ఏమిటా కట్టడం? రైలు పట్టాల పక్కన ఉండే గార్డు ఇల్లు. మన భాషలో చెప్పాలంటే గేట్‌మ్యాన్ క్వార్టర్. అడవిలో రైతు కుటీరం అనుకుని ప్రపంచమంతా ముచ్చటపడి కొనుక్కుంటున్నది రైల్వే వాళ్ళ స్టాండర్డ్ ప్లానుని. దేవదారు కాయల బరువులు మరో పన్నెండేళ్ళకి, 1862 ప్రాంతంలో, యోహాన్ బాప్టిస్ట్ బెహా గడియారాలతో వచ్చాయి. గెర్విగ్ తర్వాత ఆ కొండల్లో రైలుమార్గం కట్టించాడు, 1873లో పూర్తయింది. నేను ట్రీబెర్గ్ చేరింది ఆ సొరంగాల దారి మీదే.

పాటలు పాడే గడియారాల సంగతి మరీను. వాటిలో ఎక్కువగా వినిపించే పాటల్లో 'ఎడెల్‌వైస్' ఒకటి. ఆల్ప్స్ పల్లెల్లో తరాలుగా పాడుకుంటున్న జానపదం అనుకుంటారు. రోజర్స్, హామర్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్లు 1959లో న్యూయార్క్‌లో ఆడిన 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' నాటకానికి రాసిన పాట అది.

ఇవన్నీ తెలిశాక చేతులు దులుపుకుని "సంప్రదాయం అంతా మార్కెటింగే బాస్" అనేయడం తేలిక. 1983లో హాబ్స్‌బామ్, రేంజర్ కలిసి 'ది ఇన్వెన్షన్ ఆఫ్ ట్రెడిషన్' అనే వ్యాసాల సంపుటి తెచ్చిన దగ్గర్నుంచీ ఈ మాటకి మేధావుల ముద్ర కూడా దొరికింది. మన వెబ్ పత్రికల్లో నెలకొకరైనా ఏదో ఒక పండగకి పుట్టినతేదీ వెతికి పట్టుకుంటూ ఉంటారు. నాకు ఈ ఉత్సాహం మీద పెద్ద గౌరవం లేదు. ప్రతిదానికీ ఎక్కడో ఒక మొదటి కమిట్ ఉంటుంది. అది దొరికినంత మాత్రాన తర్వాత చేరిన వేల కమిట్‌లు అబద్ధం అయిపోవు. ఐజెన్‌లోర్ బొమ్మని పట్టుకుని నూట డెబ్భై ఏళ్ళకి పైగా మనుషులు చెక్క చెక్కారు, పిల్లలకి నేర్పారు, బతికారు. పోటీలో పుట్టింది కాబట్టి అది నకిలీ అంటే, ప్రతి కళా ఎవరో ఒకరు ఎవరికో నచ్చాలని మొదలుపెట్టిందేగా!

ఇక మిగిలింది ముద్ర. మంచి గడియారాలతో ఒక సర్టిఫికెట్ ఇస్తారు. పూర్తిగా యంత్రంతో నడిచేదనీ, ముఖ్యమైన భాగాలన్నీ ష్వార్ట్స్‌వాల్డ్‌లోనే తయారయ్యాయనీ అక్కడి గడియారాల సంఘం ఇచ్చే హామీ. దాన్ని నేను తక్కువ చెయ్యను, అక్కడి పనివాళ్ళ కూడు దాని మీద ఆధారపడి ఉంది. కానీ ముద్రలు ఏ పనికి పుడతాయో ఆ పనే చేస్తాయని లేదు. 'మేడ్ ఇన్ జర్మనీ' సంగతే చూడండి. 1887లో బ్రిటన్ చట్టం చేసి మరీ విదేశీ సరుకు మీద దేశం పేరు వేయించింది. జర్మనీ నాసిరకం సరుకుని జనం గుర్తుపట్టి దూరం పెడతారని ఆశ. కొన్నేళ్ళకి జనం ఆ పేరు చూసే కొనడం మొదలుపెట్టారు. ముద్ర ఒక విషయానికి సాక్ష్యం చెబుతుంది, మనం దాని మీద ఇంకో పది విషయాలు మోపుతాం. సర్టిఫికెట్ ఉన్న గడియారం తీసుకెళ్ళి "మంచు కురిసే రాత్రుల్లో రైతులు మూడొందల ఏళ్ళుగా ఇలాగే చెక్కుతున్నారమ్మా" అని చెబితే, గడియారం ఒరిజినలే, నా మాట డూప్లికేట్.

నాతో వచ్చిన కొలీగ్‌కి ఈ గొడవంతా విసుగు. "బ్యాటరీది తీసుకోరా, నూట అరవై మిగుల్తాయి. ఆంటీకేం తెలుస్తుంది?" అన్నాడు.

చెడ్డవాడు కాదు. ఈ మాట మనందరం అంటాం. పిల్లలకేం తెలుస్తుంది, పనిమనిషికేం తెలుస్తుంది, క్లయింటుకేం తెలుస్తుంది. నా మట్టుకు నాకు నకిలీ అనేది సరిగ్గా ఆ వాక్యంలో పుడుతుందనిపించింది. బ్యాటరీ గడియారంలో మోసం లేదు. పెట్టె మీద క్వార్ట్జ్ అని రాసే ఉంది, కొనేవాళ్ళకి అది బ్యాటరీదని తెలుసు. 'ఆంటీకేం తెలుస్తుంది' అనుకుని ఇచ్చిన క్షణం అదే వస్తువు ఇంకోటైపోతుంది. ఆ మాట అనుకుని చెక్కది ఇచ్చినా అంతే. వస్తువు ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న. పుచ్చుకునే మనిషిని మనం ఏమనుకుంటున్నాం అన్నది ఇంకో ప్రశ్న. "ఒరిజినలేనా?" అని అడిగేటప్పుడు మనం రెండోదే అడుగుతున్నామేమో. నన్ను నువ్వు ఏమనుకుంటున్నావురా బాబూ అని.

దీనికి ఒక తిరకాసు ఉంది. నిజం చెబితే అవతలివాళ్ళకి వద్దనే హక్కు వస్తుంది. సర్‌ప్రైజ్ గిఫ్టుల మీద మనకున్న మోజులో ఆ హక్కు మీద భయం కూడా కొంత ఉందని నా అనుమానం.

షాపులోంచే వీడియో కాల్ చేశాను. రెండూ చూపించి, రెండింటి కూతా వినిపించి, గేట్‌మ్యాన్ క్వార్టర్ సంగతితో సహా చెప్పాను. ధర కూడా.

"రూపాయల్లో చెప్పు."

"దగ్గర దగ్గర ఇరవై వేలు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇరవై వేలకి పిట్టా?"

"బ్యాటరీది ఆరు వేల లోపే అమ్మా."

"బ్యాటరీవి ఇంట్లో మూడున్నాయి. అయినా ఇదేమిటి, కోయిల ఇలా కూయదే?"

నిజమే. మన కోయిల గొంతు పైకి లేస్తుంది, కుకూ గొంతు కిందికి దిగుతుంది. ఒకే కుటుంబం పక్షులు, పరాయి గూట్లో గుడ్లు పెట్టే బుద్ధి రెండింటిదీ ఒకటే. సొంత ఇల్లే లేని పిట్టకి ఇంత పనితనంతో ఇల్లు కట్టి, అది ఒరిజినలేనా అని నేను తర్కించుకుంటున్నాను.

"రాత్రిళ్ళు కూడా అరుస్తుందా?"

"పక్కన మీట ఉంది. జరిపితే నోరు మూసుకుంటుంది."

"గొలుసు రోజూ లాగాలా?"

"రోజూ. ఇంకాస్త పెడితే వారానికోసారి లాగేదుంది. నీ భుజం నొప్పి కదా."

"అంత చిన్న గొలుసుకి భుజమెందుకురా. లాగకపోతే ఏమవుతుంది?"

"ఆగిపోతుంది."

"పాడైపోతుందా?"

"పాడవదు. మళ్ళీ లాగి, లోలకం కదిపితే నడుస్తుంది."

"అయితే ఆగితే ఆగుతుంది. ఊరెళ్ళినప్పుడు ఆగుతుంది, వచ్చాక నడుస్తుంది. అదే తీసుకో."

సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాను. "అది జాగ్రత్తగా పెట్టు, రిపేరుకి కావాలేమో," అంది. కొలీగ్ పక్కకి తిరిగి నవ్వాడు. ఇనప కాయల్ని ప్యాంట్లలో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టాను.

ఇప్పుడది విజయవాడలో, హాల్లో, ఫ్రిజ్ పైన గోడకి ఉంది. లోలకం మీదున్న చెక్క ఆకుని కిందికి జరిపితే గడియారం నెమ్మదిస్తుందని, పైకి జరిపితే వేగం పెరుగుతుందని నేర్పించాను. రెండు వారాలు తంటాలు పడి సరిచేసుకుంది. చేసుకున్నాక, ఇంట్లో మిగతా మూడు గడియారాల్లాగే దాన్నీ పది నిమిషాలు ముందుకి పెట్టేసింది.