ఎడారిలో తప్పిపోయినవాడు



‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ డేవిడ్ లీన్ 1962లో తీసిన చిత్రం. ఏడు ఆస్కార్ అవార్డులు పొందింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బులతో కలిసి తురుష్కులపై పోరాడిన ఒక ఆంగ్లేయ అధికారి కథ. ఇటీవల దాన్ని చూసినప్పుడు, ఇసుక దిబ్బలకన్నా, ఒంటెల బారులకన్నా ఒక్క ఘట్టం నా మనస్సులో నిలిచిపోయింది.

అకాబా రేవును ముట్టడించడానికి లారెన్స్ దళం నెఫూద్ ఎడారిని దాటుతుంది. రాత్రి ప్రయాణంలో గాసిమ్ అనేవాడు ఒంటెపైనుండి పడిపోతాడు. తెల్లవారేసరికి ఒంటె మాత్రమే మిగులుతుంది. వెనుకకు వెళితే చావు తప్పదనీ, వాని రాత అంతేననీ తోటివారంటారు. లారెన్స్ వినడు. మండుటెండలో వెనుదిరిగి వాణ్ణి ప్రాణాలతో తీసుకొస్తాడు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని మంచి కాపరి మనకు వెంటనే గుర్తుకొస్తాడు. కాని కథ అక్కడ ఆగదు. తోటివారు తెల్లని అరబ్బు దుస్తులిచ్చి గౌరవించగా, లారెన్స్ బాకునే అద్దంగా చేసుకొని తన రూపం చూసుకొని మురిసిపోతాడు. తరువాత దళంలో హత్య జరుగుతుంది. తెగల మధ్య పోరు రేగకుండా, ఏ తెగకూ చెందని తానే హంతకుణ్ణి శిక్షిస్తానంటాడు. తీరా చూస్తే ఆ హంతకుడు గాసిమే! తాను కాపాడినవాణ్ణి తన చేతితోనే కాల్చి చంపుతాడు. అలా చంపడంలో తనకు ఆనందం కలిగిందని తరువాత సేనానితో ఒప్పుకొంటాడు.

రక్షించినదీ, చంపినదీ ఒకే చెయ్యి. రెండుసార్లూ అతడు రుచి చూసింది తన శక్తినే అని నాకు తోచింది. సువార్తలోని కాపరి కూడా ఇరుగుపొరుగువారిని పిలుస్తాడు. కాని తనను పొగడమని కాదు, గొఱ్ఱె దొరికినందుకు తనతో సంతోషించమని పిలుస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది.

మన ఇండ్లలో చూడండి. తమ్ముణ్ణి కష్టపడి చదివించిన అన్న, “నేను లేకపోతే నీ బ్రతుకేమయ్యేది?” అని నలుగురిలో అంటాడు. పేదింటికి బియ్యం పంపినవారు ఆ సంగతి ఊరంతా చెబుతారు. ఎడారి నుండి మోసుకొచ్చినవాణ్ణి మాటతో మళ్ళీ పడగొట్టడమే ఇది. మేలు పొందినవాడు తలెత్తుకొని తిరగగలిగితేనే అది మేలు.

ఈ వారం ఆత్మశోధన చేసుకొనేటప్పుడు, మనం సాయం చేసినవారిలో ఒకరిని తలచుకొందాం. మనం ఎదురైనప్పుడు వారి ముఖం వికసిస్తుందా, వాలిపోతుందా? వాలిపోతే, ఈ ఆదివారం పూజకు ముందే వారి గడప తొక్కుదాం. చేసిన మేలు మాట ఎత్తకుండా, వారి క్షేమం అడిగి వద్దాం.