చేతిలో ఉన్న ఘడియ ఒక అమానతు

తిరుపతి జిల్లాలోని శ్రీ సిటీలో పనులన్నీ గడియారం ప్రకారమే సాగుతాయి. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో నేడు ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో రైలు పెట్టెలు తయారవుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుండి ఎందరో యువతీ యువకులు షిఫ్టులకు వెళుతుంటారు. పనిలో ఉన్నవాడికి ఇంటి అప్పు గుర్తుకొస్తుంది. ఇంటికి చేరితే రేపటి షిఫ్టు గుర్తుకొస్తుంది. నమాజులో నిలబడితే ఈ రెండూ గుర్తుకొస్తాయి. శరీరం ఒకచోట, మనసు మరోచోట ఉండగానే ఆయుష్షు కరిగిపోతుంది. ఇది శ్రీ సిటీకే పరిమితమైన విషయం కాదు, మనందరి ఇళ్ళలో ఉన్నదే.

నిన్నను మరచిపో, రేపటిని పట్టించుకోకు, ఈ క్షణంలో జీవించు అని నేడు కొందరు బోధిస్తున్నారు. ఇస్లాం ఈ మాటను పూర్తిగా అంగీకరిస్తుందా?

నిన్నను మరచిపోతే తౌబా ఎక్కడిది? రేపటిని మరచిపోతే పరలోక చింతన ఎక్కడిది? రాబోయే ఏడేళ్ళ కరువు కోసం ముందరి ఏడేళ్ళ పంటను నిల్వ చేయించిన హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ముందు ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సల్లం) ఉపదేశించారు. కనుక ముందుచూపు విశ్వాసానికి విరుద్ధం కాదు.

మరి మన నుండి ధర్మం కోరేదేమిటి? ఈ ఘడియ హక్కును ఈ ఘడియలోనే చెల్లించడం. గడచిన పాపానికి ఇప్పుడు చేయవలసింది తౌబా. రేపటి కోసం ఇప్పుడు చేయవలసింది కృషి, దుఆ. అంతకుమించి మిగిలేవి పశ్చాత్తాపం కాని విచారం, ప్రయత్నం కాని భయం. ఆపద వచ్చాక "అలా చేసి ఉంటే" అని కుమిలిపోవడం షైతాన్‌కు తలుపు తెరుస్తుందని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, వీలైతే దాన్ని నాటమన్నారు. ఫలం చూస్తామా లేదా అన్నది మన లెక్క కాదు. నాటడమే మన లెక్క.

అయితే బాధ్యతలు మోసే మనిషికి ఆలోచనలు రాకుండా ఉంటాయా? నమాజులో షైతాన్ తనకు అడ్డుపడుతున్నాడని హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) అంతటి సహాబీయే మొరపెట్టుకున్నారు. ప్రవక్త (సల్లం) ఆయన్ను నిందించలేదు, అల్లాహ్ శరణు వేడమని నేర్పారు. ఆలోచన రావడం దోషం కాదు. దాని వెంట వెళ్ళిపోకుండా తిరిగి రావడమే సాధన.

మరో విషయం కూడా గమనించాలి. నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి పడే బాధను తలచి ప్రవక్త (సల్లం) నమాజును క్లుప్తం చేసేవారు. ఆయనకు మించిన ఏకాగ్రత ఎవరికుంది? అయినా ఆ ఏడుపు ఆయనకు వినిపించింది. ఏకాగ్రత అంటే చుట్టూ ఉన్నవారి పట్ల చెవులు మూసుకోవడం కాదని దీనివల్ల తెలుస్తోంది.

కాబట్టి యంత్రం ముందున్నప్పుడు మన సమయం యజమానికి అమానతు. దాన్ని సెల్‌ఫోన్‌లో గడిపేస్తే అమానతుకు ద్రోహమే. ఇంట్లో బిడ్డ మాట్లాడుతున్నప్పుడు ఆ ఘడియ బిడ్డది. అజాన్ వినిపించినప్పుడు ఆ ఘడియ అల్లాహ్‌ది. రోజుకు ఐదు వేళల నమాజును నిర్ణీత సమయాల్లో విధిగా చేయడంలోని మేలు కూడా ఇదే. చెదిరిన మనసును రోజుకు ఐదుసార్లు వెనక్కి పిలిచే ఏర్పాటు అది.

అల్లాహ్ మనకు ప్రసాదించిన ప్రతి ఘడియ హక్కునూ నెరవేర్చే సద్బుద్ధిని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.