వంతలకూ వాటా

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో మేం పదిమందిమి కూడితే ఎవరో ఒకరు షేక్ నాజర్ పేరెత్తుతారు. మా ఛాతీలు పొంగుతాయి. 1954 నాటి 'అగ్గిరాముడు'లో ఆయన చెప్పిన అల్లూరి కథ, 1986లో వచ్చిన పద్మశ్రీ, అన్నీ చెప్పుకుంటాం. తెలుగుదనం మీకెక్కడిదని అడిగేవాళ్ళకు ఆ పేరే మా జవాబు.

కానీ బుర్రకథ ఒక్కడి కథా? తంబురా మీటుతూ నడుమ నిలిచేవాడు కథకుడు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. నవ్వించేది ఒకరు, సర్కారును నిలదీసేది ఇంకొకరు. వాళ్ళు తందాన అందుకుంటేనే కథకుడికి ఊపిరి తీసుకునే సందు. కొల్లేటి దోనెలో గెడ వేసేవాడు లేకుండా వల విసిరేవాడున్నాడా?

మరి ఆ ఇద్దరి పేర్లు మేమెప్పుడైనా అడిగామా? వాళ్ళు మావాళ్ళు కాకపోవచ్చు. అడగకపోవడానికి అదే కారణమైతే, మమ్మల్ని చరిత్రలోంచి తప్పించినవాళ్ళకూ మాకూ తేడా ఏముంది?

ఇంకో సంగతి. నాజర్ ఆత్మకథ పేరు 'పింజారి'. లోకం తిట్టుగా వాడిన మాటనే ఆయన తలకెత్తుకున్నాడు. దూదేకులవాళ్ళను సాటి సాయిబులుగా చూడనివాళ్ళు మాలోనే ఉన్నారు. సభలో పద్మశ్రీ మావాడు. పెళ్ళి సంబంధం దగ్గర పింజారి పరాయివాడు.

మా పేర్లు దాచొద్దని లోకాన్ని అడుగుతున్నాం. అడిగే ఆ నోటితోనే నాజర్‌కు కుడిఎడమల నిలిచినవాళ్ళ పేర్లూ పలకాలి. లేకపోతే మా ఫిర్యాదు మా మీదే.